కరెంటు కట్ మెసేజ్ చూసి నాన్న యాప్ వేసేసుకున్నారు, ఇప్పుడేం చెయ్యాలి?

డబ్బులింకా పోలేదన్నారు కదా, అయితే ముందు మీ నాన్నగారి ఫోన్లో డేటా, వైఫై రెండూ ఆపేసి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

"బిల్లు అప్డేట్ అవలేదు, రాత్రి 9:30కి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అని వచ్చిందన్నారు కదా, మా ఇంట్లోనూ అచ్చం ఇదే. మాది గోపాలపట్నం. మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యేరు, రైతుబజార్లో రూపాయి తేడా వచ్చినా వెనక్కెళ్ళి అడిగే మనిషి, ఆయనెలా పడిపోయేరా అంటే, మెసేజ్ వచ్చిన అరగంటకి నిజంగానే కరెంటు పోయింది! మే నెల, మన వైజాగ్ ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు, ఆ చీకట్లో ఈయనకి కంగారు. వీధి మొత్తం పోయింది, కిటికీలోంచి తొంగి చూస్తే తెలిసిపోయేది, తట్టలేదు. అవతలివాడు హిందీలో మాట్లాడేడంట, ప్లాంట్‌లో హిందీ అలవాటే కాబట్టి అనుమానం రాలేదు. యాప్ వేయించి, పది రూపాయలు కడితే చాలన్నాడు. ఆ పది కట్టడానికి కార్డు నంబరు, వెనకాల మూడంకెలు కొడుతుంటే స్క్రీన్ మొత్తం వాడికి కనబడుతోంది, ఓటీపీతో సహా. రెండు దఫాల్లో 46 వేలు పోయేయి.

అసలు దెబ్బ ఏంటంటే, రాత్రి ఎనిమిదిన్నరకి డబ్బు పోతే మాకు చెప్పింది మర్నాడు టిఫిన్లయ్యేక. సిగ్గు. అమ్మకి కూడా చెప్పకుండా రాత్రంతా బాల్కనీలో కూర్చున్నారు. ఈ డబ్బు ఒక ఖాతాలో ఉండదండి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోసేస్తూనే ఉంటారు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్తే వాళ్ళు బ్యాంకులకి చెప్పి ఎక్కడ మిగిలితే అక్కడ ఆపిస్తారు. మేం ఆలస్యం చేసేం కాబట్టి 9 వేలే దొరికేయి, అవి చేతికొచ్చేసరికి నెలలు పట్టింది.

మీకింకా టైముంది. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ అన్నీ బ్లాక్ చేయించండి. ఆ మెసేజ్, నంబరు, యాప్ పేరు ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి, తర్వాతే యాప్ తీసెయ్యండి. పాస్‌వర్డ్‌లు ఆ ఫోన్లోంచి మాత్రం మార్చొద్దు, కొన్ని యాప్‌లు వచ్చిన ఎస్సెమ్మెస్‌లన్నీ వాడికి పంపించేస్తుంటాయి, నన్నడిగితే ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్ ఫార్మాట్ కొట్టించెయ్యడమే నయం. డబ్బు పోకపోయినా ఆ నంబర్ మీద కంప్లైంట్ పెట్టండి, టెలికాం శాఖవాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్లో ఇలాంటి మోసాల కోసమే చక్షు అని ఉంటుంది. రూపాయి కదిలినా వెంటనే 1930.

గుర్తుపట్టడం అంటారా, తప్పుల ఇంగ్లీషు చూసి పట్టేద్దాం అనుకోకండి, ఇప్పుడు తెలుగులో కూడా శుభ్రంగా రాస్తున్నారు. నేను చూసేది పంపినదెవరనే. పదంకెల మామూలు మొబైల్ నంబర్ నుంచి వస్తే అది కరెంటాఫీసు కాదు, బ్యాంకూ కాదు, అంతే. అసలైనవి అక్షరాల పేరుతో వస్తాయి, ఈమధ్య చివర గీత పెట్టి ఎస్ (సర్వీసు), టీ (లావాదేవీ), జీ (గవర్నమెంటు) అని కూడా ఉంటోంది. బిల్లు మీద అనుమానముంటే కరెంటాఫీసు హెల్ప్‌లైన్ 1912కి చేసి అడగండి, మెసేజ్‌లో ఉన్న నంబర్‌కి కాదు. అయినా రాత్రి తొమ్మిదిన్నరకి ఫ్యూజు పీకడానికి ఏ లైన్‌మేన్ వస్తాడండీ!

ఇంకోటి, నాన్నగారి మీద ఇప్పుడు కేకలెయ్యకండి. వీళ్ళు మళ్ళీ చేస్తారు, ఈసారి సైబర్ పోలీసులం, మీ డబ్బు రీఫండ్ ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటారు. మాకు మూడోరోజే వచ్చింది. నేను అప్పటికే అరిచేసి ఉన్నాను కదా, ఆ కాల్ సంగతి నాన్న నాకు చెప్పలేదు, అమ్మ విని చెప్పింది.