ప్రైవేట్ నర్సింగ్‌హోమ్ నర్సుకు 58 ఏళ్లకు పీఎఫ్ పెన్షన్ ఎంత వస్తుంది?

మిర్యాలగూడలో 5, నల్లగొండలో 7, మొత్తం 12 ఏళ్ల సర్వీసు అనుకుందాం. లెక్క ఇది: చివరి 60 నెలల సగటు జీతం × సర్వీసు ÷ 70. ఇక్కడ జీతమంటే చేతికొచ్చేది కాదు, బేసిక్, డీఏ మాత్రమే, అదీ 15,000 వరకే. చేతికి 18,000 వస్తున్నా పీఎఫ్ 9,000 మీదే కడితే నెలకు 1,543 రూపాయలే. ఇంటి కిరాయికి కూడా చాలదు!

అసలు దెబ్బ ఆస్పత్రి మారినప్పుడు పడుతుంది. పాత పీఎఫ్‌తో పాటు ఫారం 10సీ పెట్టి పెన్షన్ డబ్బులు కూడా తీసుకుంటే ఆ 5 ఏళ్లు పోయినట్టే. మిగిలిన 7తో పెన్షన్ రాదు, కనీసం 10 ఏళ్లుండాలి (తొమ్మిదిన్నర దాటితే పదిగా లెక్కిస్తారు). అందుకే పాత ఖాతాను అదే యూఏఎన్‌లోకి (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి.

పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్ చూడండి: 9,000 మీద నెలకు 750 పడాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకు ఆధార్‌లో ఒకటి, పీఎఫ్‌లో ఒకటి ఉంటుంది. పాత ఆస్పత్రి మానేసిన తేదీ ఎక్కించకపోవడమూ మామూలే. ఈ రెండూ ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకుని, 58 నిండగానే పెన్షన్‌కు ఫారం 10డీ పెట్టండి. 50 ఏళ్ల నుంచే తీసుకోవచ్చు గానీ, 58 కంటే ముందు తీసుకునే ఒక్కో ఏడాదికి 4 శాతం కోత.