క్లచ్ మార్చడానికి ఎనిమిది గంటల లేబర్ వేశారు, న్యాయమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో మీ చిన్న కారుకి క్లచ్ మార్పించారు. ఉదయం పదింటికి బండి ఇచ్చి సాయంత్రం నాలుగింటికి తెచ్చుకున్నారు. సామాను ఖర్చు కాక లేబర్ మూడు లైన్లుగా వేశారు: క్లచ్ ఓవర్‌హాల్ 3,600, గేర్‌బాక్స్ దించి ఎక్కించినందుకు 2,400, గేర్ ఆయిల్ మార్చినందుకు 400. గంటకి 800 రేటు అన్నారు కాబట్టి మొత్తం ఎనిమిది గంటలు. "బండి వాళ్ల దగ్గర ఉన్నదే ఆరు గంటలు, ఎనిమిది గంటల కూలి ఎలా తీసుకుంటారు?" అని అడిగారు.

నేను మెకానిక్‌ని కాదు. విజయవాడ పటమటలో పదకొండేళ్లుగా మూడు కార్లతో ట్రావెల్స్ నడుపుతున్నాను. ఆటోనగర్ మాకు దగ్గరే. బండి షెడ్డులో పెట్టినప్పుడల్లా పక్కనే కూర్చుని, ఏ పనికి ఎంతసేపు పట్టిందో చిన్న నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఆ లెక్కలతో చెబుతున్నాను. మీ బిల్లులో తప్పు ఉంది, కానీ మీరు వెతుకుతున్న చోట లేదు.

ముందు ఆ ఆరు గంటల సంగతి. కంపెనీ వర్క్‌షాపుల్లో లేబర్‌ని గడియారం చూసి వేయరు. ఫలానా మోడల్‌కి ఫలానా పని చేయడానికి ఇంత సమయం అని కార్ల కంపెనీయే ముందుగా నిర్ణయించి ఇస్తుంది. దాన్ని స్టాండర్డ్ టైమ్ అంటారు. ఆ గంటల్ని ఆ వర్క్‌షాప్ గంట రేటుతో గుణిస్తే లేబర్ వస్తుంది. చేయి తిరిగిన మనిషి నాలుగున్నర గంటల పనిని మూడు గంటల్లో ముగించినా బిల్లు నాలుగున్నరకే. కొత్త కుర్రాడు ఏడు గంటలు తంటాలు పడినా అంతే, ఆ అదనపు రెండున్నర గంటలు మన నెత్తిన పడవు. పైగా ఇద్దరు కలిసి మూడు గంటలు చేస్తే అది ఆరు గంటల పని కిందే లెక్క. అందుకే బండి అక్కడ ఎంతసేపు ఉందన్నది పట్టుకుని వాదిస్తే మీరు నిలబడలేరు. సర్వీస్ అడ్వైజర్ రెండు మాటల్లో సమాధానం చెప్పేస్తాడు.

అసలు తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఆ పని ఎలా జరుగుతుందో ఒకసారి చూడాలి. మా వ్యాగనార్‌కి క్లచ్ మార్చిన రోజు నేను మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉన్నాను. పది ఇరవైకి బానెట్ ఎత్తారు. ముందు బ్యాటరీ, దాని కింద ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పక్కన పెట్టారు. గేర్ కేబుళ్లు, క్లచ్ కేబుల్, స్టార్టర్ మోటార్ విప్పారు. ముందు చక్రాలు ఊడదీసి, గేర్ ఆయిల్ ట్రేలోకి దించి, కింద ఆర్మ్ బాల్ జాయింట్లు విడదీసి, గేర్‌బాక్స్ నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీలు, అంటే రెండు డ్రైవ్ షాఫ్టులూ లాగారు. ఇంజిన్‌కి కింద జాకీ ఆనించి, మౌంటింగ్ విప్పి, గేర్‌బాక్స్ చుట్టూ బోల్టులు తీశారు. మేస్త్రి గారు, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు చెరోవైపు పట్టుకుని గేర్‌బాక్స్‌ని నేల మీదికి దించేసరికి పన్నెండు దాటి ఐదు నిమిషాలయింది.

ఆ తర్వాత ప్రెజర్ ప్లేటు బోల్టులు విప్పారు, పాత క్లచ్ ప్లేటు కింద పెట్టారు. రివెట్లు పైకి తేలి, అంచంతా నల్లగా మాడిపోయి ఉంది. కొత్త ప్లేటు నడిమధ్యకి సరిచూసి బిగించారు, రిలీజ్ బేరింగ్ మార్చారు. నా నోట్‌బుక్‌లో ఆ పని మొత్తానికి రాసుకున్నది ఇరవై రెండు నిమిషాలు. మిగతా సమయమంతా విప్పినవన్నీ మళ్లీ ఎక్కించడమే. మధ్యాహ్నం భోజనం తీసేస్తే మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు మీ బిల్లు చూడండి. క్లచ్ ఓవర్‌హాల్ అంటేనే గేర్‌బాక్స్ దించడం, ప్లేట్లు మార్చడం, ఎక్కించడం. గేర్‌బాక్స్ దించకుండా క్లచ్ మార్చే దారే లేదు. 3,600 అంటే నాలుగున్నర గంటలు, మీ కారు లాంటి దానికి అది న్యాయమైన సమయమే అని నా అభిప్రాయం. కానీ 2,400 అన్న రెండో లైన్ అదే పనికి రెండోసారి వేసిన కూలి. మూడో లైన్ కూడా అంతే. డ్రైవ్ షాఫ్టులు లాగాలంటే ఆయిల్ ముందుగా దించక తప్పదు, లేకపోతే నేలపాలవుతుంది. చివర్లో మళ్లీ పోయడం కూడా ఆ పనిలో భాగమే. ఆయిల్ డబ్బులు ఇవ్వాలి, దానికి వేరే లేబర్ ఇవ్వక్కర్లేదు. నా లెక్కలో మీ దగ్గర 2,800 ఎక్కువ తీసుకున్నారు.

ఈ మాట కాస్త గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాలుగేళ్ల క్రితం ఒక పెద్ద వర్క్‌షాప్‌లో మా డిజైర్‌కి ముందు షాక్ అబ్జార్బర్లు, వాటి పై మౌంటింగులు కలిపి మార్చారు. షాకులకి ఒక లేబర్, మౌంటింగులకి ఇంకో లేబర్ వేశారు. షాక్ ఊడదీస్తే మౌంటింగ్ చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు, కట్టేసి వచ్చాను. డబ్బు కన్నా, నమ్మి వెళ్లిన చోట అలా జరిగిందని చాలా రోజులు బాధపడ్డాను. అప్పటి నుంచి బిల్లులో లేబర్ లైన్లు ఒకటికి మించి కనిపిస్తే ఒకటే అడుగుతాను: "ఈ పని చేయాలంటే ఆ పని ఎలాగూ చేయాల్సిందేనా?" అవునంటే రెండో లైన్ ఉండకూడదు. కొంత మాత్రమే కలిస్తే ఆ మేరకు తగ్గాలి. ఉదాహరణకి, గేర్‌బాక్స్ దించినప్పుడు వెనక క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజిన్ ఆయిల్ కారకుండా ఆపే రింగు) కూడా మార్చితే, ఫ్లైవీల్ (క్లచ్ ఆనుకునే ఇంజిన్ చక్రం) విప్పి సీల్ వేసినందుకు ఓ అరగంట అదనం అడగడం సబబే. ఫ్లైవీల్‌ని సాపు చేయించడానికి లేత్ మిషన్‌కి పంపితే ఆ ఖర్చు వేరే. షాక్ అబ్జార్బర్లు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయడం కూడా అవసరమైన పనే, దానికి పేచీ పెట్టకండి.

ఇంకో వైపు కూడా చెప్పాలి. పని తొందరగా అయిపోయిందని మెకానిక్‌కి డబ్బు తగ్గించి ఇవ్వడం నాకు నచ్చదు. ఒకసారి స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే ఆటోనగర్‌లో ఒక మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాతో పాటు బందరు రోడ్డు మీద ఒక రౌండ్ వచ్చి, బండి ఎత్తి ఒక్కో జాయింటూ పట్టుకుని ఊపి చూసి, స్టెబిలైజర్ లింకు అని తేల్చారు. మార్చడానికి పావుగంట. ఐదు వందలు అడిగారు. మా తమ్ముడు "పావుగంటకి ఐదొందలా అన్నా?" అన్నాడు. అంతకుముందు వేరేచోట అదే చప్పుడుకి రెండు బుష్‌లు అనవసరంగా మార్పించుకున్నాం. జబ్బు కనిపెట్టడం కూడా పనే. దానికి ఎంతవరకు అవుతుందో ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

ఆటోనగర్ షెడ్లలో గంటల లెక్క ఉండదు, పనికి ఇంత అని చెబుతారు. అక్కడ రెండు షెడ్లలో రేటు కనుక్కోండి. "అన్నీ కలిపేనా? సీల్ వేస్తే ఎంత? లేత్ పని ఇందులోనా, బయటా?" అని అడగండి. కంపెనీ వర్క్‌షాప్‌లో అయితే ఎస్టిమేట్ వేసేటప్పుడే స్టాండర్డ్ టైమ్ ఎంత, గంట రేటు ఎంత అని అడిగి, జాబ్ కార్డు మీద రాయించుకోండి. వాళ్ల కంప్యూటర్‌లో అది ఉంటుంది.

ఏసీ పనిలో జాగ్రత్త. మన ఎండలకి ఏప్రిల్ రాగానే షెడ్లు నిండిపోతాయి. కూలింగ్ కాయిల్ మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి, అందుకే రోజంతా పట్టిందంటే నమ్మవచ్చు. గ్యాస్ నింపడం అలా కాదు. వాక్యూమ్ మిషన్ అరగంట తిరుగుతుంటే మనిషి ఇంకో బండి చూసుకుంటాడు, ఆ అరగంటని మనిషి కూలి కింద లెక్కించడం సరికాదు. బందరు, బాపట్ల వైపు తిరిగిన బండ్లకి ఉప్పుగాలికి తుప్పు పట్టి బోల్టులు విరుగుతుంటాయి. అప్పుడు అదనపు సమయం నిజంగానే పడుతుంది. అలాంటిది వస్తే ముందు ఫోన్ చేసి చెప్పమనండి.

పాత బిల్లుతో పోల్చి చూసేటప్పుడు పన్ను కలపకుండా చూడండి. లేబర్ మీద జీఎస్టీ అప్పుడూ ఇప్పుడూ 18 శాతమే, కానీ చాలా విడిభాగాల మీద 28గా ఉన్నది 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గింది.

ఇక మీరు చేయాల్సింది. బిల్లు తీసుకుని వెళ్లి వర్క్స్ మేనేజర్‌ని కలవండి. "క్లచ్ ఓవర్‌హాల్ స్టాండర్డ్ టైమ్‌లో గేర్‌బాక్స్ దించడం ఉందా లేదా, స్క్రీన్ మీద చూపించండి సార్" అని మాత్రం అడగండి. ఆరు గంటల మాట అసలు ఎత్తకండి. నాకు తెలిసి చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఒప్పుకోకపోతే అదే ప్రశ్న మెయిల్‌లో రాసి, బిల్లు జత చేయండి. దానికీ సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టవచ్చు. వెళ్లే ముందు బిల్లులో సామాను జాబితా ఒకసారి చూడండి. క్రాంక్ ఆయిల్ సీల్ కూడా మార్చి ఉంటే, నేను చెప్పిన 2,800లోంచి దాని అరగంట 400 తీసేసి 2,400 మాత్రమే వెనక్కి అడగండి.