క్వార్టెట్‌లో చేరబోతున్న నా శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో కలిసి వాయించే స్ట్రింగ్ క్వార్టెట్‌లో వయోలా వాయించడానికి ఒప్పుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. నీ చేతి గురించి నాకు దిగుల్లేదు. నేను చెప్పదలచుకున్నదంతా రిహార్సల్ గది గురించే. కచేరీ మహా అయితే రెండు గంటలు. మిగతా కాలమంతా ఆ గదిలో నలుగురే ఉంటారు, కండక్టర్ ఉండడు. ఏదైనా తేల్చుకోవాల్సింది మీలో మీరే.

మొదట పేచీ వచ్చేది శ్రుతి దగ్గర. మీ వాయిద్యాల్లో పక్కపక్క తీగలు సా–పా వరసలో ఉంటాయి కదా. ఆ పంచమాన్ని ఎవరికి వారు నిక్కచ్చిగా కుదుర్చుకుంటే, చెల్లో అడుగు తీగ సి మీద (దాన్ని సా అనుకుంటే) గాంధారమయ్యే వయొలిన్ పై తీగ ఇ పలికినప్పుడు, ఆ గాంధారం ఎక్కువై చెవికి గుచ్చుకుంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు, స్వరాల లెక్కే అంత. అందుకే చాలా క్వార్టెట్లు పంచమాలను వెంట్రుకవాసి తగ్గించి, వయోలా, చెల్లో అడుగు తీగల్ని కొంచెం పైకి తెచ్చుకుంటాయి. ఇది తెలియకపోతే "నీది ఎక్కువ, నీది తక్కువ" అనుకుంటూనే పూటంతా గడిచిపోతుంది. చెల్లో వాయించేవారిని ఒక్క స్వరం పట్టి ఉంచమని, మిగతావాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి దానితో కలవండి. బీథోవెన్ రాసిన ఓపస్ 131 అనే క్వార్టెట్ రచనలో ఏడు భాగాలూ ఆపకుండా, దాదాపు నలభై నిమిషాలు వాయించాలి. మధ్యలో తీగ దిగిందంటే బిగించుకునే వ్యవధి దాదాపు ఉండదు, పక్కవాళ్లను విని వేలితోనే సర్దుకోవాలి. ఆ వినికిడి ఇప్పటినుంచే అలవాటు కావాలి.

ఇక అభిప్రాయభేదాలు. ఒకరు టెంపో (వేగం) తగ్గిద్దామంటారు, ఇంకొకరు వద్దంటారు. వాదన పెంచకుండా రెండు విధాలా వాయించి చూడండి. ఇక్కడే ఒక మాట గట్టిగా చెబుతాను. నీకు నచ్చని పద్ధతిని వాయించేటప్పుడు అది నీ ఆలోచనే అన్నంత మనసుపెట్టి వాయించు. ఎదుటివారి మాట తేలిపోవాలని అన్యమనస్కంగా వాయిస్తే మిగతా ముగ్గురికీ ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. గ్రూపులు విడిపోయేది పెద్ద పోట్లాటలతో అనుకుంటారు గానీ, నేను చూసినంతవరకు ఎక్కువగా దీనివల్లే.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మొదట్లోనే కాగితం మీద పెట్టుకోండి. ఏజెంట్ కమిషన్, ప్రయాణాలు పోగా మిగిలిందే నాలుగు వాటాలు. విమానంలో చెల్లోకి విడిగా సీటు కొనాలి, అది నలుగురి ఖర్చు. కచేరీల మీదే బతికే క్వార్టెట్లు తక్కువ, పాఠాలు చెప్పక తప్పదు. దాన్ని చిన్నతనంగా అనుకోకు.

ఎవరైనా వెళ్లిపోతే పేరు ఎవరిది, ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నది కూడా రాసుకోండి. అమాడియస్ క్వార్టెట్ 1947 నుంచి అదే నలుగురితో నడిచింది. 1987లో వయోలా వాయించే పీటర్ షిడ్లోఫ్ చనిపోతే మిగతా ముగ్గురూ ఇక చాలనుకున్నారు. 1964లో మొదలైన గ్వర్నేరి క్వార్టెట్‌లో 2001లో చెల్లో మనిషి మారారు, అయినా 2009 దాకా వాయించారు. రెండూ గౌరవించదగ్గవే. మీరు ఎటువంటివారో స్నేహం బాగున్న రోజుల్లోనే మాట్లాడుకోండి.

మెడ, భుజం జాగ్రత్త. నొప్పి మొదలైతే ఆపెయ్, ప్రయాణం చేసిన రోజున పొడుగాటి రిహార్సల్ ఒప్పుకోకు.

మొదటి రిహార్సల్‌కి నీ పార్టు ఒక్కటే పట్టుకెళ్లకు. నలుగురి స్వరాలూ ఉన్న పూర్తి స్కోరు చదువుకుని, ఏ స్వరం ఎవరి దగ్గర అందుకుంటున్నావో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. వీలైతే అంతకుముందే రెండో వయొలిన్ వాయించే వారితో విడిగా ఒక గంట కూర్చో. మీ ఇద్దరి బో (కమాను) కదలికలు కుదిరితే మొదటి వయొలిన్‌కీ చెల్లోకీ సగం టెన్షన్ తగ్గుతుంది.