వంపు మెట్లకు ముందు రెయిలింగ్, ఆ తర్వాతే రాయి

ప్రశ్న: మా కొత్త ఇంట్లో హాల్లోంచి పైకి వంపు తిరిగే మెట్లు పోయించాం. కాంక్రీటు పని అయిపోయింది, పైన ఏం వేయాలన్న దగ్గర ఆగిపోయాం. మావారు నిగనిగలాడే నల్ల గ్రానైట్ అంటారు. నాకేమో టేకు మీద మనసు. మా అబ్బాయికి గాజు రెయిలింగ్ కావాలట. మెట్లకు బయటి వంపు వైపు గోడ ఉంది, లోపలి వైపు ఖాళీ. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు రోజూ ఎక్కి దిగాలి. చిన్న పాప కూడా ఉంది. ఏది వేస్తే మంచిది?

జవాబు: అమ్మా, మీరు రాయి, చెక్క, గాజు గురించి అడిగారు గానీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నేను ఆలోచించింది మీ అత్తయ్యగారు దేన్ని పట్టుకుని దిగుతారన్నదే. వంపు మెట్లకు మొదట తేల్చుకోవాల్సింది రెయిలింగ్. మిగతావి దాని వెనకే వస్తాయి.

వంపు మెట్టు గోడవైపు వెడల్పుగా, లోపలివైపు ఇరుకుగా ఉంటుంది. లోపలి అంచు దగ్గర పాదం పూర్తిగా ఆనదు. చాలా ఇళ్లలో ఖాళీగా ఉన్న లోపలివైపు రెయిలింగ్ పెట్టి, గోడ ఉంది కదా అని రెండో వైపు వదిలేస్తారు. దాంతో పట్టు అవసరమైన మనిషే మెట్టు ఇరుకైన చోట నడవాల్సి వస్తుంది. అందుకని గోడకు కూడా కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఎక్కడా తెగకుండా హ్యాండ్ రెయిల్ వేయించండి. గుండ్రంగా, ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మందం చాలు. గోడకూ దానికీ మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉండాలి. నాలుగంగుళాల వెడల్పు రెయిల్ చూడ్డానికి దర్జాగానే ఉంటుంది, కానీ వేళ్లు దాని చుట్టూ మూసుకోవు. కాలు జారినప్పుడు అరచెయ్యి దాని మీంచి జారిపోతుంది.

ఈ రెయిల్ చేయడం అంత సులువు కాదు. పక్కకు తిరుగుతూనే పైకి లేవాలి, అంటే ఒకేసారి రెండు వంపులు. స్టీలు పైపు అయితే రోలింగ్ మెషీన్‌లో వంచిస్తారా, లేక చిన్న చిన్న ముక్కలు వెల్డింగ్ చేసి గుండ్రంగా ఉన్నట్టు చూపిస్తారా అని ఫ్యాబ్రికేటర్‌ని ముందే అడగండి. చెక్కకు రెండు పద్ధతులున్నాయి. పల్చటి పట్టీలను జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి ఆ వంపులోనే బిగించి ఆరనివ్వడం ఒకటి, దిమ్మల్లోంచి వంపు ముక్కలు చెక్కి కలపడం ఇంకొకటి. మొదటిదే నాకు నచ్చుతుంది. చెక్క నార పొడవునా తెగకుండా సాగుతుంది, అతుకులు తగ్గుతాయి. వడ్రంగి గతంలో చేసిన రెయిల్ ఒకటి చూపించమని, దాని అడుగు వైపు వేలి కొసలతో నిమురుతూ నడవండి. పై వైపు ఎవరైనా నున్నగా చేస్తారు, పనితనం అడుగునున్న అతుకు దగ్గర బయటపడుతుంది.

మీ అబ్బాయి అడిగిన గాజు చేయించొచ్చు, కానీ దాని షరతులు తెలుసుకుని దిగాలి. వంపు గాజును కొలతకు వంచి టఫెన్ చేస్తారు, అంటే బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. ఒకసారి టఫెన్ అయ్యాక కోయడానికి గానీ, రంధ్రం వేయడానికి గానీ వీలుండదు. అందుకే మెట్ల పైపని పూర్తయ్యాకే కొలతలు తీయాలి. ఎప్పుడైనా పగిలితే అదే వంపులో మళ్లీ చేయించుకోవాల్సిందే. వేయిస్తే మాత్రం రెండు టఫెన్డ్ పలకల మధ్య ఫిల్మ్ పెట్టిన లామినేటెడ్ గాజే వేయించండి, పగిలినా ముక్కలు ఫిల్మ్‌కి అంటుకుని ఉంటాయి. మీ ఇంటికి నేనైతే నిలువు ఇనప కడ్డీలు చెబుతాను. కడ్డీలు నిటారుగా ఉంటాయి, వంచాల్సింది పై రెయిల్ ఒక్కటే. కడ్డీల మధ్య ఖాళీ నాలుగంగుళాల లోపే ఉండాలి, పాప తల దూరకూడదు. అడ్డ కడ్డీలు మాత్రం వద్దు, పిల్లలకి అవి నిచ్చెన.

కడ్డీలకు పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి కాల్చే పూత అనుకుంటే ఒక మాట. దాన్ని సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడి ఓవెన్‌లో కాలుస్తారు. ఆ ఓవెన్‌లో పట్టే సైజు ముక్కలుగా చేసి, ఇంటి దగ్గర బోల్టులతో బిగించేలా ప్లాన్ చేయాలి. కోటింగ్ అయ్యాక వెల్డింగ్ పెడితే ఆ చోట పూత కాలిపోయి తుప్పు మొదలవుతుంది.

ఇక కాలి కింది సంగతి. అద్దంలాంటి నల్ల గ్రానైట్‌కి తడి తగిలితే జారుతుంది. అంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. పైనుంచి దిగేటప్పుడు నలుపు మీద నలుపు కలిసిపోయి మెట్టు అంచు కళ్లకు ఆనదు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు అది పెద్ద ఇబ్బంది. గ్రానైటే కావాలంటే తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ గానీ, మెరుపు లేని హోన్డ్ ఫినిష్ గానీ తీసుకుని, అంచున వేరే రంగు పట్టీ వేయించండి. పాలరాయి మెట్లకు చెప్పను. అది మెత్తన, నిమ్మరసం పడినా మచ్చ తేలుతుంది.

మీ మెట్లకు నా ఓటు టేకుకే, శాటిన్ లేదా మ్యాట్ ఫినిష్‌తో. పియు (పాలీయురేథేన్) పూత గట్టిది, కానీ గీత పడితే ఆ మెట్టు మొత్తం గీకి మళ్లీ వేయాలి. ఆయిల్ ఫినిష్ అయితే గీత పడ్డచోట మాత్రం రుద్ది సరిచేసుకోవచ్చు, కాకపోతే అప్పుడప్పుడు మళ్లీ పట్టించాలి. నిలువు ముఖాలకు తెల్ల పెయింట్ వేస్తే చాలు. మెట్ల పక్కనుండే వంపు ముఖానికీ అంతే. అక్కడ రాయి వంగదు, సన్నటి ముక్కలు పేర్చాల్సి వస్తుంది. చెక్క వేసే ముందు కాంక్రీటు ఆరిందో లేదో చూసుకోండి. ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో మెట్టుకి అతికించి ఒక రోజు వదిలేయండి. అడుగున నీటి బిందువులు కనిపించినా, కాంక్రీటు ముదురు రంగుకి తిరిగినా ఇంకా తడి ఉన్నట్టే.

మీవారి నల్ల రాయికి కూడా చోటుంది. హాలు తుడిచిన ప్రతిసారీ తడి తగిలేది అన్నిటికన్నా కింది మెట్టుకే. దానికి లెదర్ ఫినిష్ గ్రానైట్ వేయండి, అది చెక్క కంటే అక్కడ బాగా నిలుస్తుంది.

అయితే మందాల లెక్క తప్పకూడదు. ఉదాహరణకి కాంక్రీటు మెట్లన్నీ ఆరున్నర అంగుళాల ఎత్తున పోశారనుకోండి. కింద, పైన ఫ్లోరింగ్ మందం రెండంగుళాలు, మెట్ల మీద వేసేది ఒకటిన్నర అంగుళం. పని అయ్యాక మొదటి మెట్టు ఎత్తు ఆరంగుళాలు, ఆఖరిది ఏడంగుళాలు అవుతుంది, మధ్యవి ఆరున్నరే. ఆ తేడా కంటికి తెలియదు, కాలికి తెలుస్తుంది. గ్రానైట్, చెక్క, ఫ్లోరింగ్ మూడూ వాటి అడుగున వేసే మాలు లేదా జిగురు పొరతో కలిపి ఒకే మందానికి వచ్చేలా మేస్త్రీతో ముందే లెక్క కట్టించండి. ఇంకో మాట, ఒక మెట్టు కొలిచి అన్నిటికీ అదే కోయనివ్వొద్దు. పోసిన వంపు ఎక్కడా అచ్చంగా ఒకేలా రాదు. ప్రతి మెట్టుకీ అట్టతోనో ప్లైవుడ్‌తోనో విడిగా టెంప్లేట్ (కొలత అచ్చు) తీసి, నంబరు వేసి కోయించాలి.

ప్రశ్న: మా వంపు మెట్ల అడుగు భాగం సోఫాలో కూర్చుంటే ఎదురుగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా ఎత్తుపల్లాలు తేలుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిని ఆ అడుగు భాగానికి ఆనించినట్టు పట్టుకుని పక్కనుంచి వెలుగు వేయండి. గుంటలన్నీ నీడలుగా కనిపిస్తాయి, పెన్సిల్‌తో చుట్టి పెయింటర్‌కి చూపించండి. అతను పొడుగు పట్టీతో సాపు చేస్తుంటే ఆపండి. ఆ తలం మెలి తిరిగి ఉంటుంది, పట్టీ అన్ని వైపులా ఆనదు. వంగే పల్చటి రేకుతో మెలికను అనుసరించి లాగాలి. ఆఖరి పెయింట్ మ్యాట్‌లోనే వేయించండి, మెరుపు ఉన్నది వేస్తే చిన్న గుంట కూడా ఎత్తి చూపుతుంది.

ప్రశ్న: మెట్లకు లైట్లు పెట్టాలని ఇప్పుడు అనిపిస్తోంది. గ్రానైట్ వచ్చే వారం వేస్తున్నారు. ఆలస్యమైందా?

జవాబు: కాలేదు, కానీ ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. రాయి అతికాక వైరుకి దారుండదు. లైటు మెట్టు అంచు అడుగున దాగి, కింది మెట్టు మీదే వెలుగు పడాలి. గోడలో పెట్టేట్టయితే మోకాలి ఎత్తు దాటనివ్వకండి, దిగేవాళ్ల కళ్లలో కొడుతుంది. కింద ఒకటి, పైన ఒకటి టూవే స్విచ్‌లు అడగండి, ఏ చివర నుంచైనా వేసి ఆర్పొచ్చు. అంచు అడుగున లైటు కూర్చునే గాడి ఎంత వెడల్పు కావాలో రాయి కోసేవాళ్లకు ఈరోజే చెప్పండి.