తేదీ తప్పు చెప్పినాయన్ని దిద్దకు

చిరంజీవికి,

నీ నాటకం స్క్రిప్టు చదివాను. మిల్లు మూతపడిన రోజుల గురించి అంతమంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడం చిన్న పనేం కాదు. కానీ వాళ్ల మాటలన్నీ కలిపేసి ఒకే సూత్రధారి నోట పెట్టావు. గేటు దగ్గర పోలీసులు ఉన్నారని ఒకాయన అంటాడు, లేరని ఒకావిడ అంటుంది. నువ్వేమో పాత పేపర్లు తిరగేసి, ఆవిడదే నిజమని తేల్చి, ఆయన్ని తీసేశావు. నాటకం కాస్తా ఆయనతోనే పోయింది.

ఇటలీలో తెర్ని అని ఒక ఉక్కు పట్టణం ఉంది. 1949 మార్చిలో, నాటో సైనిక కూటమికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో లుయీజీ త్రస్తుల్లి అనే యువ కార్మికుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత అలెస్సాండ్రో పోర్తెల్లి అనే చరిత్రకారుడు అక్కడివాళ్లను మాట్లాడిస్తే, అతను 1953లో, ఉద్యోగాలు ఊడగొట్టినప్పటి గొడవల్లో చనిపోయాడని చాలామంది చెప్పారు. పోర్తెల్లి ఆ తప్పును దిద్ది పక్కన పెట్టలేదు, అలా ఎందుకు గుర్తుపెట్టుకున్నారని అడిగాడు. తోటి కుర్రాడు పోతే ఏమీ చేయలేకపోయామన్న బాధ వాళ్లకు మింగుడుపడలేదు. అందుకే ఆ చావును, తాము వీధుల్లో కొట్లాడిన రోజుల్లోకి జరుపుకున్నారు. తేదీ దిద్దితే ఇదంతా ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి ఇద్దరినీ స్టేజీ మీదికి ఎక్కించు, వాదించుకోనీ. తీర్పు నువ్వు చెప్పకు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త: ఆ తప్పు జ్ఞాపకం బతికున్న మనిషి మీద నింద వేస్తుంటే, రుజువు లేకుండా వాడొద్దు.

భాష కూడా మరీ ఇస్త్రీ చేసేశావు. ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో పీటర్ చీజ్‌మన్ 1960లలో డాక్యుమెంటరీ నాటకాలు వేయించేటప్పుడు, ప్రతి మాటా ఏదో ఒక మూలాధారం నుంచే రావాలని పట్టుబట్టేవాడు. 1966లో స్థానిక రైల్వే మీద వేసిన నాటకానికి పాత ఉద్యోగుల టేపులు వాడుకున్నారు. నిన్ను అంత మడి కట్టుకోమనను, రెండు సీన్లను కలపడానికి కల్పన కావాల్సిందే. కానీ నువ్వు రాసిన డైలాగులు వేరే రంగులో ఉంచు, రిహార్సల్లో అందరికీ తెలియాలి. పాత్రధారులకు కాగితం ఇచ్చే ముందు రికార్డింగు వినిపించు. ఎక్కడ ఆగుతున్నారో, ఏ మాట రెండుసార్లు అంటున్నారో పట్టుకోమను. దగ్గునూ వణుకునూ మాత్రం అనుకరించొద్దను. జనం నవ్వుతారు, ఇంటివాళ్లు నొచ్చుకుంటారు.

నీతో మాట్లాడినావిడ అనుమతి పత్రం మీద సంతకం పెట్టింది కదా అని ఊరుకోకు. ఆవిడ నీతో చెప్పినప్పుడు గదిలో ఉన్నది నువ్వొక్కడివే. రేపు నాటకం రోజున ముందు వరసలో ఆవిడ తోడికోడలు కూర్చుంటుంది. పేరు మార్చినా లాభం లేదు, నాలుగు మాటలు వింటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. రిహార్సల్స్ మొదలుకాకముందే ఆవిడ సీను ఆవిడకు చదివి వినిపించు. తీసెయ్యమంటే తీసెయ్యి. (తీసెయ్యమనేది ఎప్పుడూ బెస్ట్ సీన్నే, ఏం చేస్తాం!)

నటీనటుల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఉద్యోగాలూ పరీక్షలూ ఉన్నవాళ్లు రోజూ రాలేరు, చిన్న చిన్న పాత్రలు ఎక్కువమందికి పంచు.

అన్నట్టు, ఆ రికార్డింగులన్నీ నీ ఫోన్లోనే ఉన్నాయని రాశావు. ముందు వాటికి ఇంకోచోట కాపీ తీసిపెట్టు, మాట్లాడినవాళ్లకూ ఒక్కొక్కటి ఇవ్వు. తిరగరాసిన స్క్రిప్టు తర్వాత పంపుదువు గానీ.