శాంపిల్ ఇచ్చి వచ్చాక నిజం ఒప్పుకుంటే ఏమవుతుంది? హనుమకొండ గ్రౌండ్‌లో చూసినది

మీరు అడిగింది ఇది: తమ్ముడు షాట్‌పుట్ వేస్తాడు, రాష్ట్ర మీట్‌లో డోపింగ్ పరీక్షకు, అంటే నిషేధిత మందులు వాడారేమో చూసే పరీక్షకు, శాంపిల్ ఇచ్చి వచ్చాడు, జిమ్‌లో ఆ మందుల ఇంజెక్షన్లు చేయించుకున్నానని ఇంట్లో చెప్పేశాడు. ఇప్పుడు బయట కూడా ఒప్పుకుంటే బతుకు పోతుందా? పోదు. ఆటలో కొన్ని మంచి ఏళ్లు మాత్రం పోతాయి. ఒప్పుకున్నా పోతాయి, ఒప్పుకోకపోయినా పోతాయి. ఎన్ని పోతాయన్న దాంట్లోనే తేడా.

నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను. హనుమకొండ జేఎన్ స్టేడియంలో త్రోలు వేసే పిల్లలను చూసుకునేవాణ్ని. 2021లో అక్కడ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాక పిల్లల రాకడ పెరిగింది, వాళ్ల వెనకాలే జిమ్ సార్ల రాకడ కూడా. కానిస్టేబుల్ ఈవెంట్స్ పడితే ఇక చెప్పక్కర్లేదు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకడానికి కూడా సూది ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లున్నారు.

మా దగ్గర డిస్కస్ వేసే ఒక పిల్లాడికి శాంపిల్‌లో మందు దొరికిందని లెటర్ వచ్చింది. స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ 9.79 సెకన్ల పరుగును తుడిచేసిన మందే. లెటర్ సంగతి తెలియగానే జిమ్ ఆయన ఫోన్ చేశాడు: "ప్రోటీన్ పౌడర్‌ల కలిసిందని రాయి. నా పేరు మాత్రం తియ్యకు." పిల్లాడు సగం ఒప్పుకునేలాగే ఉన్నాడు. వాళ్ల నాన్న ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. ఆయన ఒక్కటే అడిగాడు: "సూది ఏసుకున్నవా, లేదా? గది చెప్పు ముందుగాల."

ఏసుకున్నానన్నాడు. అదే రాశాం.

ఇక్కడ రూల్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. ఇప్పుడున్న నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనల్లో ఇలాంటి స్టెరాయిడ్‌కు మామూలుగా నాలుగేళ్ల నిషేధం. అభియోగం నోటీసు అందిన 20 రోజుల్లోపు తప్పునూ శిక్షనూ రెండూ ఒప్పుకుంటే ఒక ఏడాది తగ్గుతుంది. అసలు శాంపిల్‌కు పిలుపు రాకముందే తనంతట తాను చెప్పి, ఆ మాట తప్ప వేరే ఆధారం లేకపోతే సగం దాకా తగ్గే వీలుంది. మీ తమ్ముడు శాంపిల్ ఇచ్చేశాడు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే, 20 రోజుల దారి ఉంది. మా పిల్లాడికి మూడేళ్లు పడింది. నిషేధమంటే మీట్‌లకే అనుకుంటారు. జట్టుతో కలిసి ప్రాక్టీసు కూడా కుదరదు, చివరి రెండు నెలల్లో తప్ప.

పౌడర్ మీద నెట్టే ఆలోచన మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్తారు. 2011లో స్టెరాయిడ్‌తో దొరికిన మన రిలే అమ్మాయిలు, అది కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ అనే మూలికా మందు వల్లేనన్నారు. నాడా ప్యానెల్ ఏడాది నిషేధంతో సరిపెడితే, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో దాన్ని రెండేళ్లు చేసింది. లండన్ ఒలింపిక్స్ పోయింది. వాళ్ల మాట అబద్ధమని నేను అనట్లేదు. నిజమే అయినా ఒంట్లో దొరికిన దానికి బాధ్యత ఆటగాడిదే. ఇక సూది వేసుకుని పౌడర్ కథ చెప్తే నిలబడుతుందా?

మా పిల్లాడి ఇంటివాళ్లు ఊళ్లో మాటలు పడాల్సి వచ్చింది. అక్కడ డోపింగంటే ఎవరికీ తెలియదు, "డ్రగ్స్ కేసు" అని పేరు పెట్టి గంజాయితో కలిపేశారు. పోలీసులు ఎప్పుడొస్తారని వాళ్లమ్మను అడిగారు. మీకూ ఆ టెన్షన్ ఉంటే వదిలేయండి, మన 2022 డోపింగ్ నిరోధక చట్టంలో మందు వాడిన ఆటగాడికి జైలు లేదు. అమెరికాలో పరుగుల రాణి మరియన్ జోన్స్‌కు 2008లో ఆరు నెలల జైలు పడింది కూడా మందు వాడినందుకు కాదు, దర్యాప్తు అధికారులకు అబద్ధాలు చెప్పినందుకు. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ పోయాక 2013లో టీవీలో కూర్చుని ఒప్పుకుంటే ఎవరు నమ్మారు? అప్పటిదాకా నిజం చెప్పినవాళ్ల మీద కేసులు వేసిన మనిషి. డేవిడ్ మిల్లర్ అనే సైక్లిస్టు 2004లో పోలీసులకు ఒప్పుకున్నాడు. ప్రపంచ టైటిల్ పోయింది, రెండేళ్ల నిషేధం పడింది, 2006లో మళ్లీ టూర్‌లో తొక్కాడు.

మా పిల్లాడు కూడా తిరిగొచ్చాడు. పాత దూరం పడట్లేదు, పడదు కూడా, అందులో మందు వాటా ఉంది. స్పోర్ట్స్ కోటా ఆశ పోయింది. జూనియర్ల తల్లిదండ్రులు మాత్రం ఏ డబ్బా కొనాలన్నా ముందు అతన్నే అడుగుతున్నారు. నాకు కడుపు మండేది వేరే చోట. అతను జిమ్ ఆయన పేరు రాసిచ్చినా, ఆయన కొన్నాళ్లు షట్టర్ దించి, కొత్త బోర్డుతో మళ్లీ తెరిచాడు. ఆటగాడికి మందు ఎక్కించినవాడికి నాలుగేళ్ల నుంచి జీవితకాలం దాకా నిషేధం వేయొచ్చు, కానీ ఏ సంఘంలోనూ లేని జిమ్ ట్రైనర్‌కు ఆ నిషేధంతో పనేముంది? అయినా పేరు చెప్పమనే అంటాను. ఆ సమాచారంతో ఇంకొకరి తప్పు బయటపడితే శిక్షలో కొంత భాగం నిలిపేసే వీలూ నిబంధనల్లో ఉంది.

ఇప్పుడు చేయాల్సింది. ఇంజెక్షన్ పేర్లు, తేదీలు, ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచండి. తుడిపేయమని ఫోన్ వస్తుంది, తుడపకండి. ఫలితం తేలేదాకా మీట్‌లకు పంపకండి, శాంపిల్ రోజు నుంచి వచ్చినవి ఎలాగూ కొట్టేస్తారు. వయసు 18 లోపైతే, ఇంకా అంతర్జాతీయ పోటీలు ఆడకపోతే, నిబంధనలు కొంత మెత్తగా ఉంటాయి, లాయర్‌ను అడగండి. అన్నిటికంటే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒకే సూది ఇద్దరు ముగ్గురికి వాడారేమో తమ్ముణ్ని నెమ్మదిగా అడిగి, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించండి. లివర్ పరీక్ష కూడా.