నలభై దాకా ఆగొద్దు, ముందు కాన్పు ఫైళ్ళు తీయండి

"నాకు 34, ఇద్దరు పిల్లలు. గుండె జబ్బు రాకుండా ఉండాలంటే నలభై దాటాక జాగ్రత్త మొదలుపెడితే సరిపోతుందా?" అని అడిగారు.

సరిపోదు. నడక, ఉప్పు, నూనెల గురించి అందరూ చెబుతారు. మీరు మాత్రం ముందు ఆ రెండు కాన్పుల ఫైళ్ళు వెతకండి. బీపీ పెరిగిందా, మూత్రంలో ప్రోటీన్ కనబడిందా, షుగర్ వచ్చిందా, 37 వారాలు నిండకుండానే కాన్పయిందా చూడండి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. గుండెకీ రక్తనాళాలకీ అదో పెద్ద పరీక్ష. అందులో ప్రీఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి చాలాసార్లు మూత్రంలో ప్రోటీన్ కూడా పోయే జబ్బు, వచ్చినవాళ్ళకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు సుమారు రెట్టింపు. కాన్పవగానే బీపీ దిగిపోతుంది కాబట్టి గండం గడిచిందనుకుంటారు, తప్పంతా అక్కడే జరుగుతుంది.

షుగర్ వచ్చి ఉంటే కాన్పయిన 4 నుంచి 12 వారాల లోపు 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష జరగాలి. అప్పుడే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఒక్కటి చూసి వదిలేస్తే కుదరదు, కాన్పులో పోయిన రక్తం వల్ల ఆ లెక్క తప్పుతుంది. బిడ్డ టీకాల తేదీలు ఇంటిల్లిపాదికీ గుర్తుంటాయి, తల్లి పరీక్ష ఎవరికీ గుర్తుండదు! ఫలితం బాగున్నా 1 నుంచి 3 ఏళ్ళకోసారి మళ్ళీ చేయించాలి.

ఇక బీపీ. ఇంట్లో చూసుకోవడమే మేలు, కానీ చాలామంది తప్పుగా చూస్తారు. మణికట్టు మిషన్ వద్దు, జబ్బకు కట్టేదే కొనండి. జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి దానికి సరిపడే పట్టీ తీసుకోండి. పట్టీ చిన్నదైతే లేని బీపీ కనబడుతుంది. చూసే ముందు అరగంట కాఫీ, టీ, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు ఊరకే కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. చొక్కా చేయి మీద పట్టీ కట్టడం, కాలు మీద కాలేసుకోవడం, మధ్యలో ఫోన్ మాట్లాడటం, ఇవన్నీ అంకెను ఊరికే పెంచేవే. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, 7 రోజులు రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 గానీ ఆ పైన గానీ ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. కాన్పులో బీపీ వచ్చినవాళ్ళయితే 130/80 దాటినా ఆ చీటీ తీసుకెళ్ళి చూపించండి.

బీపీ అంకెలు పెరిగితే, మీరు ఇప్పటికే వేసుకుంటున్న మందులేవో కూడా చూడాలి. నొప్పులకు రోజూ మింగే ఐబుప్రోఫెన్, ముక్కుదిబ్బడ బిళ్ళలు బీపీ పెంచుతాయి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా కొందరికి పెంచుతాయి. 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళు ఆ మాత్రలు అసలు వాడకూడదు. మళ్ళీ పిల్లల కోసం అనుకుంటుంటే, బీపీకి 'ప్రిల్' అనో 'సార్టాన్' అనో ముగిసే మందు వాడేవాళ్ళు ముందే చెప్పి మార్పించుకోవాలి, అవి కడుపులో బిడ్డకు చేటు.

నెలసరి ఆగే వయసులో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది కాబట్టి అప్పుడు లిపిడ్ పరీక్ష మళ్ళీ చేయించాలి. 45 లోపే ఆగితే ముప్పు ఇంకాస్త ఎక్కువ. అయితే గుండెను కాపాడుకోవడం కోసమని హార్మోన్ మాత్రలు వాడొద్దు, వాటి పని ఒంట్లో ఆవిర్లు తగ్గించడం.

నడక సంగతంటారా, వారానికి 150 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. రోజంతా ఇంటిపనితో ఒళ్ళు హూనమవుతుంది నిజమే, కానీ అందులో ఆ వేగం అందుకునేది తక్కువ. మిగతావాళ్ళు ఆ పనిలో సగం పంచుకుంటే 150 నిమిషాలు వాటంతటవే దొరుకుతాయి. వారానికి రెండు రోజులు బరువులో, గోడకు చేతులానించి చేసే పుషప్‌లో కూడా ఉండాలి.